ఐపీ పెట్టడానికి వెళ్ళిన రోజు

2023 ఫిబ్రవరి. పాత జిల్లాలో కొంత బాపట్లకు, కొంత నెల్లూరుకు పోయి, మిగిలింది కొత్త ప్రకాశం జిల్లా అయి ఇంకా ఏడాది నిండలేదు. ఆ మిగిలినదాంట్లోనూ ఒంగోలు ఒక కొసన, మేము ఇంకో కొసన. మార్కాపురాన్ని జిల్లా చేయలేదని మా ఊరివాళ్ళ అలక అప్పటికి తీరలేదు. టీ కొట్టు దగ్గర ఇద్దరు కలిస్తే అదే మాట.

అదే ఊళ్ళో నాకు చిన్న కంప్యూటర్ సర్వీసు షాపు ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక ఇంట్లో కూర్చోలేక పెట్టుకున్నది. మా అమ్మ పలకల ఫ్యాక్టరీలో పలకలకు చట్రాలు బిగించేది. నేను కంప్యూటర్లకు తీగలు బిగిస్తాను. "పని అదే, నువ్వు ఫ్యాను కింద కూర్చుంటావు, అంతే తేడా" అని ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తుంది. చుట్టుపక్కల మండలాల్లో బ్యాంకు దగ్గర ప్రింటర్ ఆగినా, బడిలో కంప్యూటర్ మొండికేసినా సంచి భుజాన వేసుకుని నేనే వెళ్తాను. ఆడమనిషి వచ్చిందేమిటని మొదట వింతగా చూసేవాళ్ళు. ఇప్పుడు ఆలస్యంగా వచ్చానని తిడుతున్నారు, అంటే అలవాటు పడ్డట్టే లెక్క.

ఈ వృత్తిలో నాకు ఒళ్ళు మండే మాట ఒకటుంది, ఆటోమేటిక్. అమ్మేవాడు "అంతా ఆటోమేటిక్ అండీ" అని చెప్పి అమ్మేసి పోతాడు. అది దానంతట అది పనిచేయక, కొన్నవాళ్ళు నన్ను పిలుస్తారు. ఆరోజు తర్లుపాడుకు పిలిచింది కూడా అందుకే.

పిలిచింది రాజేశ్వరమ్మగారు. నేను పెద్దమ్మా అంటాను. అరవై దగ్గర పడ్డ మనిషి. ముందు కిరాణా కొట్టు, వెనక గోదాం. కొట్లో ఉప్పు, చింతపండు, ఆమె చేతి కారప్పొడి. గోదాంలో చుట్టుపక్కల రైతుల కందుల మూటలు. వానను నమ్ముకుని కంది వేసే చేలు మావి. పంట చేతికి రాగానే అమ్మితే ధర రాదు, ఇంట్లో పెట్టుకుందామంటే చోటుండదు, ఎలుకలుంటాయి. అందుకని మూటలు తెచ్చి ఆమె గోదాంలో దాచుకుని, ధర వచ్చినప్పుడు అమ్ముకుంటారు. అందుకు ఆమె తీసుకునేది చాలా తక్కువ. ఆమె దగ్గర పెడితే గింజ పోదని నమ్మకం.

ఆ నమ్మకం ఆమెకు ఊరికే రాలేదు. ఆమె భర్త ఒకప్పుడు గిద్దలూరులో పత్తి వ్యాపారం చేసేవాడు. ఒక ఏడాది పూర్తిగా మునిగిపోయి ఐపీ పెట్టాడు. ఐపీ అంటే మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పులు తీర్చలేను బాబూ అని కోర్టులో దివాలా పిటిషన్ వేయడం. దాంతో ఇచ్చినవాళ్ళ నోట్లో మట్టి. ఐపీ పెట్టినవాడి ఇంటి ముందు ఆరోజు ఏం జరుగుతుందో చూసినవాళ్ళు మర్చిపోరు. భర్త ఊరు విడిచి వెళ్ళి, ఎక్కడో జబ్బుచేసి పోయాడు. రాజేశ్వరమ్మ పుట్టినూరు తర్లుపాడు చేరి, రోకలి పట్టి కారం దంచి అమ్మింది. కోర్టు ఆమెను ఎవరికీ కట్టమనలేదు. అయినా ఒక్కొక్క గడపకు వెళ్ళి కట్టుకుంటూ వచ్చింది. అందరిదీ తీరేసరికి ఆమె జుట్టు నెరిసిపోయింది. ఈ సంగతి ఆమె నాతో ఎప్పుడూ అనలేదు, ఊరు చెబితే విన్నాను.

ఆ ఏడాది ఆమె కొత్త కాటా కొన్నది. కింద ఇనుప పళ్ళెం, దాని మీద మూట పెడితే పక్కన స్తంభానికున్న పెట్టెలో అంకెలు వెలుగుతాయి. ఆ పెట్టెను ఇండికేటర్ అంటారు. దాని వెనక చిన్న రంధ్రంలో లాన్ కేబుల్ గుచ్చి రెండో కొస కంప్యూటర్‌కు పెడితే, తూకం నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చి, రైతు పేరుతో చీటీ ప్రింటవుతుంది. రావాలి. రావడం లేదు. అంకెలు వెలుగుతున్నాయి గానీ కంప్యూటర్‌కు కాటా కనిపించడం లేదు.

"నేను కంపెనీవాళ్ళకు ఫోన్ చేసినా అమ్మాయీ. ఆ పిల్లోడు ఏదేదో చెప్పినాడు. నాకు నచ్చలా. పెట్టేసినా" అంది ఫోన్లో.

"ఏం చెప్పినాడు పెద్దమ్మా?"

"అదంతా ఎందుకులే. నువ్వు రా" అంది. గొంతులో ఏదో ముల్లు ఉంది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

మర్నాడు ఆటో దిగేసరికి కొట్టు ముందు జనం. ట్రాలీ ఆటోలు, ఒక ట్రాక్టరు, భుజాన తువ్వాళ్ళతో మగవాళ్ళు, ఒడిలో పిల్లలతో ఆడవాళ్ళు. కందుల ధర ఒక్కసారిగా లేచినట్టుంది, అమ్ముకోవడానికి వచ్చారు కాబోలు అనుకుని సంతోషించాను. సంచి భుజాన సర్దుకుని దారి చేసుకుంటుంటే ఒకాయన అడ్డం వచ్చాడు. ఆయన పేరు చెన్నయ్య అని, కౌలు రైతు అని, కూతురి కాలేజీ కోసం ఆ ఏటి కందులన్నీ ఆ గోదాంలోనే పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

"యాడి నుంచి వచ్చినావమ్మా?"

"మార్కాపురం నుంచన్నా. పెద్దమ్మ పిలిపిచ్చింది."

"ఏం పని మీద? ఐపీ పనేనా?"

నేను నిజంగా మురిసిపోయాను. తర్లుపాడులో ఒక రైతు నా నోటి నుంచి రాకముందే ఐపీ అన్నాడంటే దేశం ఎంత ముందుకుపోయిందో అనుకున్నాను. మా భాషలో ఐపీ అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో యంత్రానికి ఉండే నంబరు. ఆ మాట రోజుకు వందసార్లు అనీ అనీ, దానికి ఇంకో అర్థం ఉన్నదే నా బుర్రలోంచి జారిపోయింది.

"అవునన్నా, ఐపీ పనే. పెట్టేసి పోతా" అన్నాను.

"ఇయ్యాలే పెడతారా?"

"వచ్చిందే అందుకు గదన్నా. ఎంతోసేపు పట్టదు."

"కోర్టూ గీర్టూ ఏం లేదా?"

ఈ కోర్టేమిటో నాకు అర్థం కాలేదు. వేరే ఏదో అన్నాడేమో అనుకుని, నాకు ఒళ్ళు మండే మాటనే నా నోటితో నేనే అన్నాను. "ఇప్పుడంతా ఆటోమేటిక్ అన్నా. మనం ఏం చేయబళ్ళా. దానంతట అదే పడిపోతది."

చెన్నయ్య వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు. "విన్నారా? ఇప్పుడు ఐపీ ఆటోమేటిక్ అంట! ఇంగ మనకు గింజ గూడా రాదు. పట్టండ్రా మూటలు!"

జనం ఒక్క ఊపున గోదాం వైపు కదిలారు. ఎవరి మోచెయ్యో తగిలి నా సంచి కిందపడింది. టెస్టర్లు, క్లిప్పులు మట్టిలో చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరుకుంటూ ఉండగా తల మీద మొట్టికాయ పడ్డట్టు అర్థమైంది. ఐపీ. దివాలా ఐపీ. నన్ను వాళ్ళు వకీలు దగ్గరి మనిషి అనుకున్నారు.

అసలు జరిగింది ఏమిటంటే, రాజేశ్వరమ్మకు ఒక చెవి సరిగ్గా వినపడదు. ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే పెడుతుంది. కంపెనీ పిల్లాడు అవతలి నుంచి, "మేడమ్, మీరు ఐపీ పెట్టాలి. ఐపీ పెట్టకపోతే మీ పని జరగదు" అని కొట్టంతా వినేట్టు చెప్పాడు. బెల్లం కొనడానికి వచ్చిన ఒకామె ఆ బెల్లంతో పాటు ఆ మాటనూ ఇంటికి పట్టుకుపోయింది. ఆ పిల్లాడు సాయంత్రానికి వకీలు అయ్యాడు, రాత్రికి హైకోర్టు వకీలు అయ్యాడు. తెల్లారేసరికి ఊళ్ళకు ఊళ్ళే బండ్లు కట్టుకుని వచ్చాయి. పైగా రాజేశ్వరమ్మ, "ఆ మాట నా కొట్లో అనొద్దు నాయనా" అని ఫోన్ పెట్టేసింది. దాచిపెడుతోంది కాబట్టే కోపం వచ్చిందని జనం అనుకున్నారు.

నేను కొట్లోకి పరిగెత్తాను. రాజేశ్వరమ్మ గల్లాపెట్టె దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది. మొహంలో రక్తం లేదు. గోదాం తలుపు దగ్గర ఆమె వద్ద చాన్నాళ్ళుగా పనిచేస్తున్న ఓబులేసు రెండు చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, వాళ్ళు పొరపడినారు. నేను చెప్తా, ఇది కంప్యూటర్ ఐపీ..." అంటుంటే ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది.

"పక్కకు జరుగు ఓబులేసూ. వాళ్ళ మూటలు వాళ్ళవి."

"అమ్మా, ఒకపాలి చెప్పి చూద్దామమ్మా" అన్నాడు ఓబులేసు ఏడుపు గొంతుతో.

"ఏం చెప్పేది? ఇన్నేండ్లు చెప్పింది చాల్లా?" అంది. తర్వాత జనం వైపు తిరిగింది. "తీసుకపోండి నాయనా. ఎవరి మూట వాళ్ళు తీసుకపోండి. నేను అడ్డం రాను. కానీ తూకం లేకుండా ఒక్క మూట గడప దాటగూడదు. కాటా మీద పెట్టండి, చీటీ తీసుకోండి, పొండి."

"చీటీ మాకెందుకు?" అన్నాడు చెన్నయ్య.

"నాకు కావాల. ఆ పొద్దు మా ఇంటిముందర గూడా ఇట్లనే నిలబన్నారు. నా చేతిలో ముక్క కాగితం లేదు. ఎవరు ఎంతంటే అంత మోసినా. ఈసారి ఎవరి మూట ఎంతో చూసుకోనే పొండి."

అప్పుడు నాకు తెలిసింది, ఆమె ఆ కాటా ఎందుకు కొన్నదో. అంత వయసులో, అంత ఖర్చు పెట్టి, అర్థం కాని యంత్రాన్ని తెచ్చుకున్నది వ్యాపారం పెంచుకోవడానికి కాదు. తన మీద ఇంకెప్పుడూ ఎవరూ వేలెత్తకూడదని. ఆ వేళ్ళే ఇప్పుడు గుమ్మంలో ఉన్నాయి. గోదాం ఖాళీ అయితే మళ్ళీ నిండదు. ఒకసారి ఆ మాట తగిలిన ఇంటికి రెండోసారి తగలడానికి సాక్ష్యం ఏమీ అక్కర్లేదని అక్కడివాళ్ళ మొహాలే చెబుతున్నాయి.

నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఏడుస్తూ కూర్చుంటే కేబుల్ దానంతట అది మాట్లాడదు కదా. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నా వెనక జనం. మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గరగా చెన్నయ్య. అతని పక్కన కర్ర పట్టుకున్న ఒక ముసలాయన. ఆయన్ని అందరూ దావీదు తాత అంటున్నారు. దగ్గరి పల్లె చర్చిలో పెద్ద.

మా పనిలో మొదట చూసేది కేబుల్. రెండు కొసలా చిన్న లైట్లు వెలుగుతున్నాయి. తీగ బాగానే ఉంది. రెండోది నంబర్లు. ఇండికేటర్ బొత్తాలు నొక్కుతూ లోపలికి వెళ్ళాను. అది ఆటోమేటిక్‌లో ఉంది, అంటే నంబరు ఎవరైనా ఇస్తే తీసుకుంటుంది. మామూలుగా ఆ నంబర్లు ఇచ్చేది రూటర్ అనే పెట్టె. ఇక్కడ రూటర్ లేదు, కాటా ఒకటి, కంప్యూటర్ ఒకటి, మధ్యలో తీగ. అటువంటప్పుడు ఏ యంత్రానికి ఆ యంత్రం కొంతసేపు చూసి, ఎవరూ ఇవ్వరని తేలాక, ఇలాంటి పరిస్థితికని విడిగా ఉంచిన వరుసలోంచి ఒక నంబరు తనే పెట్టుకుంటుంది. అవతలిది కూడా అలాగే పెట్టుకుంటే రెండూ ఒకే వరుసలోకి వచ్చి మాట్లాడుకుంటాయి.

మరి ఎందుకు మాట్లాడుకోవడం లేదు? కంప్యూటర్ సెట్టింగులు తెరిచాను. అక్కడ ఎవరో చేత్తో ఒక నంబరు గట్టిగా బిగించి పెట్టారు. కాటా ఒక వీధిలో, కంప్యూటర్ ఇంకో వీధిలో. ఎంత అరిచినా ఒకదానికొకటి వినపడవు.

"ఇక్కడ ఐపీ ఎవరు పెట్టినారు?" అలవాటు కొద్దీ పైకే అనేశాను. వెనక జనంలో గుసగుస లేచింది. రాజేశ్వరమ్మ కళ్ళు మూసుకుంది.

"కాటా తెచ్చినాయన" అన్నాడు ఓబులేసు. "ఏదో పెట్టినాడు, అన్నం తిన్నాడు, పోయినాడు."

ఇక దాచి లాభం లేదనిపించింది. ఆ మాటను ఇంతమంది నోళ్ళలోంచి నేను లాక్కోలేను. ఉన్నచోటనే దాన్ని బాగుచేయాలి. కుర్చీ వెనక్కి తిప్పి అందరికీ వినపడేలా చెప్పాను.

"పెద్దమ్మా, నువ్వు గూడా విను. ఇక్కడ చేయాల్సింది ఐపీ పెట్టడం కాదు. వేరే ఎవరో ఐపీ పెట్టి పోయినారు. నేను చేయాల్సింది దాన్ని తీసేయడం."

"తీసేయడమా? అదెట్ల?" అన్నాడు చెన్నయ్య. అతని గొంతు మొదటిసారి కాస్త తగ్గింది.

"ఇది కోర్టు ఐపీ కాదన్నా. ఇంటికి డోర్ నంబరు ఉంటది గదా, అట్ల మిషన్లకు గూడా ఒక నంబరు ఉంటది. దాన్ని గూడా ఐపీ అంటారు, మన ఖర్మ కొద్దీ. ఈ కాటా నంబరు ఒక వరసలో ఉంది, కంప్యూటర్ నంబరు ఇంకో వరసలో ఉంది. అందుకే చీటీ రావడంలా. ఫోన్‌లో ఆ పిల్లోడు చెప్పింది గూడా ఈ నంబరు గురించే. నేను కంప్యూటర్లు బాగుచేసేదాన్ని. నాకు వకీళ్ళెవరూ తెలీదు, ఒట్టు."

"మాటలు బాగా చెప్తంది" అంది వెనక ఎవరో ఆడమనిషి.

"నమ్మబాకండి. కళ్ళతో చూడండి" అన్నాను.

చేత్తో పెట్టిన నంబరు చెరిపేసి, ఆటోమేటిక్‌గా తీసుకో అనే చుక్క మీద నొక్కాను. ఇంక ఎదురుచూడాలి. కంప్యూటర్ ముందు రూటర్ కోసం పిలుస్తుంది. లేని రూటర్ పలకదు. పలకలేదని దానికి తెలిసేదాకా మనం చేతులు కట్టుకు కూర్చోవాలి. షాపులో అయితే ఆ కాస్తసేపట్లో నేను టీ తాగేదాన్ని. అక్కడ మాత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంతలో తెర మూలన పసుపు ముక్కోణం వచ్చింది.

"అదిగో, తప్పు చూపిస్తంది!" అన్నాడు చెన్నయ్య.

"తప్పు గాదన్నా. ఇంటర్‌నెట్ లేదని చెప్తంది. మనకు ఇంటర్‌నెట్‌తో పన్లా. నంబర్లు ఇచ్చే పెట్టె ఇక్కడ లేకపోయినా, కాటా దొరికితే చాలు."

దావీదు తాత కర్ర మీద ముందుకు వంగి మొదటిసారి మాట్లాడాడు. "అమ్మా, నంబరు ఇచ్చే పెద్ద ఎవరూ లేరంటివి. మరి ఇప్పుడు దీనికి ఎవరిస్తారు?"

"ఎవరూ ఇయ్యరు తాతా. ఎవరూ ఇయ్యకపోతే అదే ఒకటి పెట్టుకుంటది. ముందు ఒకపాలి అడుగుతది, ఈ నంబరు ఇంకెవరిదన్నా ఉందా అని. ఎవరిదీ కాదంటేనే పెట్టుకుంటది."

"అడిగే పెట్టుకుంటదా?"

"అడిగే పెట్టుకుంటది."

"మర్యాద తెలిసిందే" అన్నాడు తాత.

నంబరు పడింది. కాటా సాఫ్ట్‌వేర్ తెరిచి వెతుకు అనే బొత్తాన్ని నొక్కాను. తెర మీద గీత ఒకటి మెల్లగా సాగి, దాని కింద కాటా పేరు, కంపెనీ నంబరుతో సహా, వచ్చి కూర్చుంది. నేను కుర్చీలో ఎగిరినంత పని చేశాను.

"మూట పెట్టన్నా" అన్నాను చెన్నయ్యతో.

అతను అనుమానంగానే పెట్టాడు. ఇండికేటర్‌లో వెలిగిన అంకెలే కంప్యూటర్ తెర మీదా వెలిగాయి. అతని పేరు కొట్టి, బొత్తం నొక్కాను. ప్రింటర్ కర్రుమంది. చీటీ చింపి అతని చేతిలో పెట్టాను. చెన్నయ్యకు చదువు వచ్చు. తన పేరు చదువుకున్నాడు, తూకం చదువుకున్నాడు, మూట మీద బొగ్గుతో తను రాసుకున్న అంకెను వంగి చూసుకున్నాడు. రెండూ ఒకటే. ఇంక అతను తలెత్తలేదు.

దావీదు తాత నా వైపు చూశాడు.

"అయితే తీసేసినావా అమ్మా? ఐపీ?"

"తీసేసినా తాతా."

ఆయన రాజేశ్వరమ్మ వైపు తిరిగాడు. "నా ఈడుకు ఐపీ పెట్టినోళ్ళను చానామందిని చూసినా. పెట్టిన ఐపీని తీసేసినోళ్ళను నిన్నొక్కదాన్నే చూసినా చెల్లే. ఆ పొద్దు నువ్వు మా గడపకు వచ్చి కట్టినప్పుడు నా కొడుకు గూడా ఇంట్లోనే ఉన్నాడు. ఈ పొద్దు వాడు నాకు చెప్పకుండా ట్రాక్టరు కట్టుకోనొచ్చినాడు. వాణ్ణి ఆపుదామని వెనకే వచ్చినా. ఆపలేకపోయినా. ఏమనుకోబాకు."

రాజేశ్వరమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అన్నేళ్ళు అన్ని గడపలు ఎక్కి దిగినప్పుడు ఆమె ఏడ్చిందో లేదో నాకు తెలియదు. ఆరోజు మాత్రం భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. బెల్లం కొన్న ఆమె కూడా ఆ గుంపులోనే ఉంది. మొదట ఆమె వచ్చి పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

చెన్నయ్య మెల్లగా అన్నాడు. "ఓబులేసూ, ఆ మూట లోపలెయ్ నాయనా."

"వద్దు" అంది రాజేశ్వరమ్మ.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆమె మొహం తుడుచుకుని లేచింది. గొంతులో కోపం లేదు.

"ఇప్పుడు మీకు సిగ్గయ్యింది. సిగ్గుపడి పెట్టే మూట నాకొద్దు. తూకం వేసుకోండి, చీటీలు తీసుకోండి, ఇండ్లకు తోలుకపోండి. ఈ పొద్దుకు మీ పక్కనే పెట్టుకోని పడుకోండి. రేపు లేచి, ఈమె దగ్గర పెట్టొచ్చు అని మీకు మీరు అనిపిస్తే తెండి. అనిపియ్యకపోతే తేబాకండి. నేనేమీ అనుకోను."

ఎవరెంత చెప్పినా వినలేదు. ఓబులేసు మూటలు మోస్తుంటే, నేను పేర్లు కొడుతుంటే, ఆమె స్వయంగా చీటీలు చింపి ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. ట్రాక్టరు నిండింది, ఆటోలు నిండాయి. పొద్దు వాలేసరికి గోదాంలో నేల కనిపించింది. అంత పెద్ద గోదాం అని అంతకుముందు నాకు తెలియదు.

ప్రింటర్‌లో కొత్త కాగితం చుట్ట పెట్టి నేను బయల్దేరుతుంటే కారప్పొడి పొట్లం నా సంచిలో కుక్కింది. "పెద్దమ్మా, నేనా మాట అనకపోయుంటే..." అన్నాను.

"నువ్వనకపోతే లోపల్లోపలే అనుకుంటా ఉందురు. బయటపడింది, మంచిదయ్యింది" అంది. నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజంగానే అన్నదో చెప్పలేను. మార్కాపురం చేరేదాకా ఆటోలో నా మనసు మనసులో లేదు. యంత్రం పనిచేసి, కొట్టు ఖాళీ అయిన కేసు నా సర్వీసులో అంతకుముందు లేదు. ఇంటికెళ్ళి అమ్మకు చెబితే తనూ అన్నం సరిగ్గా తినలేదు.

ఇన్నేళ్ళలో ఎన్నో నెట్‌వర్క్‌లు కలిపాను. యంత్రాలకు నంబరు ఒక వరుసలో ఉంటేనే ఒకదాని మాట ఇంకోదానికి చేరుతుందని నాకు పుస్తకం నేర్పింది. మనుషుల విషయంలో తర్లుపాడు నేర్పింది. మన వృత్తిలో రోజూ నలిగే మాట వినేవాళ్ళింట్లో ఏ గాయం మీద పడుతుందో తెలియదు. అప్పటినుంచి నేను ఎవరి కొట్లోకి వెళ్ళినా ఐపీ అనను. నంబరు అంటాను. పనిలో కొత్తగా చేరినవాళ్ళకు కూడా ముందు ఆ మాటే చెబుతాను. కేబుల్ బిగించడం తర్వాత.

మర్నాడు మధ్యాహ్నం షాపులో ఒక పాత ప్రింటర్ విప్పుతుండగా ఫోన్ మోగింది. రాజేశ్వరమ్మ. వెనక ఏదో గోల, అరుపులు. నా చేతిలో స్క్రూ కిందపడింది.

"అమ్మాయీ, మిషన్ ఆగిపోయింది."

నా నాలుక చివరిదాకా ఆ రెండక్షరాలూ వచ్చాయి. మింగేశాను. "లైట్లు వెలుగుతన్నాయా పెద్దమ్మా?"

"వెలుగుతన్నాయి."

"తూకం కనిపిస్తందా కంప్యూటర్‌లో?"

"కనిపిస్తంది. ప్రింటరే చీటీ ఇయ్యడంలా."

"కాగితం ఉందా చూడు."

ఆమె చూసింది. అవతల ఓబులేసు ఎవరినో, "ఉండండయ్యా, వరసలో రాండి, తోసుకోబాకండి" అని అదిలించడం వినిపించింది.

"కాగితమే అయిపోయింది అమ్మాయీ" అంది రాజేశ్వరమ్మ. "నిన్న కొత్త చుట్ట పెట్టినావు గదా, మొత్తం అయిపోయింది. ఇంకా బండ్లు వస్తనే ఉన్నాయి."